మీ వంటింట్లో డైనోసార్: ఎముకలు చెప్పిన సాక్ష్యం

 

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. డైనోసార్లు ఏమయ్యాయి? ఎవరిని అడిగినా ఒకటే చెప్తారు. ఆకాశం నుంచి పెద్ద రాయి పడింది, అన్నీ చచ్చిపోయాయి, కథ అయిపోయింది అని. రాయి పడిన మాట నిజమే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట, ఇప్పటి మెక్సికో తీరం దగ్గర పడింది. లెక్కలేనన్ని జాతులు పోయిన మాటా నిజమే. కానీ ఆ "అన్నీ" అనే మాట ఉంది చూశారా, అక్కడే తేడా. డైనోసార్లలో ఒక శాఖ బతికి బయటపడింది. ఆ శాఖవాళ్ళని మీరు ఈ పొద్దున్నే చూసి ఉంటారు. కరెంటు తీగ మీద కాకి, బాల్కనీలో పావురం, ఆదివారమైతే మీ వంటింట్లో కోడి.

"ఏంటన్నా, కోడి డైనోసారా? వీడియో ఆడాలని ఏదో ఒకటి చెప్తున్నావా?" అని మీకు అనిపించొచ్చు. అనిపించాలి కూడా. ఇంకో డౌట్ కూడా వస్తుంది. కోట్ల ఏళ్ళ కిందటి సంగతి, చూసినవాళ్ళు ఎవరూ లేరు, ఇదంతా ఊహే కదా అని. ఈ రెండో డౌట్‌కి జవాబు చెప్పడమే ఈ ఎపిసోడ్ అసలు పని.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను శిలాజాల సైంటిస్టుని కాదు. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్, ఆ తర్వాత కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బయాలజీ పుస్తకం టెన్త్‌తోనే మూసేసిన బ్యాచ్. అందుకే నాకు అలవాటైన పద్ధతిలోనే వెళ్తాను. చెప్తున్న మాట ఏంటి? దానికి ఆధారం ఏంటి? ఆ మాట తప్పని తేలాలంటే ఏం దొరకాలి? ఈ మూడు ప్రశ్నలు చేతిలో ఉంటే చాలు, ఎంత పాత సంగతినైనా పరీక్షించొచ్చు.

ముందు కోడిని చూద్దాం

ముక్కలు కొట్టించకుండా ఒక కోడిని మొత్తంగా ఉడికించారనుకోండి. తిన్నాక ఎముకలు పారెయ్యకుండా ఒక పేపర్ మీద పరవండి. ఐదు విషయాలు గమనించండి.

ఒకటి, కాళ్ళు. ఒంటి నిండా ఈకలున్నా కాళ్ళ మీద పొలుసులే. ముందుకి మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి, చివర గోళ్ళు. రెండు, రెక్క. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, మోచేయి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు, చివర మూడు వేళ్ళ గుర్తులు, అవీ చాలావరకు అతుక్కుపోయి ఉంటాయి. అంటే అది చెయ్యే, ఎగరడానికి తగ్గట్టు మారిన చెయ్యి. మూడు, మణికట్టు. మన చెయ్యి ముందుకి, వెనక్కి బాగా వంగుతుంది. కోడి మణికట్టు పక్కకి మడతపడుతుంది. రెక్కని ఒంటికి ఆనించి ముడుచుకుంటుంది చూడండి, ఆ కదలిక. నాలుగు, మెడ మొదట్లో "వి" అక్షరం లాంటి సన్నటి ఎముక. మనకి రెండు వైపులా విడివిడిగా ఉండే కాలర్ బోన్సే పక్షుల్లో కలిసిపోయి అలా ఒక్కటయ్యాయి. దీన్ని ఫర్క్యులా అంటారు. ఐదు, గుల్ల ఎముకలు. పక్షి ఊపిరితిత్తులకి గాలి సంచులు ఉంటాయి. అవి కొన్ని ఎముకల లోపలికి కూడా దూరిపోతాయి. ఊపిరి పీల్చినా వదిలినా గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగుతూ ఉంటుంది. మనలాగా వచ్చిన దారినే వెనక్కి పోదు.

పొలుసులు, మూడు వేళ్ళు, మడతపడే మణికట్టు, ఫర్క్యులా, గుల్ల ఎముకలు. ఈ ఐదూ గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు జర్మనీ వెళ్దాం.

రాతిలో ఈక

జర్మనీలో బవేరియా ప్రాంతంలో జోల్న్‌హోఫెన్ అని ఒక ఊరు. అక్కడి సున్నపురాయి ఎంత నున్నగా ఉంటుందంటే, దాని మీద బొమ్మ గీసి ప్రింటింగ్‌కి వాడేవాళ్ళు. లితోగ్రఫీ అంటే అదే. ఆ రాయి కోసం క్వారీలు తవ్వుతుంటే 1861లో ఒక ఈక ముద్ర బయటపడిన వార్త వచ్చింది. హెర్మన్ ఫాన్ మేయర్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. అదే ఏడాది ఈకలతో సహా ఒక అస్థిపంజరం సంగతీ బయటికొచ్చింది. దాని పేరు ఆర్కియోప్టెరిక్స్. వయసు సుమారు 15 కోట్ల ఏళ్ళు.

టైమింగ్ చూడండి. డార్విన్ తన పుస్తకం వేసింది 1859లో. జీవజాతులు ఒకదాన్నించి ఒకటి మెల్లగా మారుతూ వచ్చాయన్నాడు. "మరి మధ్యలో ఉండాల్సిన జంతువులు ఏవి?" అని అందరూ అడుగుతున్నారు. సరిగ్గా రెండేళ్ళకి ఇది దొరికింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం మిగతా శిలాజాలతో కలిపి 700 పౌండ్లు పెట్టి కొనుక్కుంది. దాన్ని కొనిపించి, వర్ణించిన రిచర్డ్ ఓవెన్ డార్విన్‌కి గట్టి వ్యతిరేకి. ఆయన దృష్టిలో అది పక్షే, అంతే.

పక్షే అనుకుందాం. మరి తర్వాత బెర్లిన్‌కి చేరిన ఇంకా మంచి నమూనాలో దవడలకి పళ్ళున్నాయి. ఇప్పుడు బతికున్న ఏ పక్షికీ పళ్ళు లేవు. వెనక పొడవాటి తోక ఉంది, అదీ వెన్నుపూసలు వరుసగా పేర్చిన ఎముకల తోక. కోడికి ఉన్నది చిన్న మొండి ఎముక, దాని మీద ఈకలు. రెక్క చివర మూడు వేళ్ళు విడివిడిగా, గోళ్ళతో ఉన్నాయి. ఈకలేమో అచ్చం ఇప్పటి పక్షులవే. సగం పక్షి, సగం సరీసృపం.

డార్విన్ వైపు నిలబడి వాదించిన థామస్ హెన్రీ హక్స్‌లీ ఇంకో అడుగు వేశాడు. డైనోసార్ల తుంటి, కాలి ఎముకల్ని కోడిపిల్ల ఎముకలతో పోల్చాడు. సగం పొదిగిన కోడిపిల్ల వెనక కాళ్ళని పెద్దవి చేసి రాయిగా మార్చి చూపిస్తే, డైనోసార్‌వే అనుకుంటామని 1870 నాటికే తేల్చాడు.

మరి అప్పుడే తేలిపోయిందిగా, ఇంకేంటి? తేలలేదు. ఒక చిన్న ఎముక దగ్గర కేసు 50 ఏళ్ళు ఆగిపోయింది.

ఒక్క ఎముక, 50 ఏళ్ళు

డెన్మార్క్‌లో గెర్హార్డ్ హైల్‌మన్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1926లో పక్షుల పుట్టుక మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశాడు. చాలా నిజాయితీగా, ఒక్కో ఎముకా గీసి పోల్చాడు. పక్షులకి అన్ని రకాలా దగ్గరగా ఉన్నవి థెరోపాడ్లే అని ఆయనకే కనిపించింది. థెరోపాడ్లు అంటే రెండు కాళ్ళ మీద నడిచే, ఎక్కువగా మాంసం తినే డైనోసార్లు. టైరనోసారస్ కూడా ఆ గుంపుదే.

కానీ ఒక చిక్కు. పక్షులకి ఫర్క్యులా ఉంది. డైనోసార్లకి అసలు కాలర్ బోన్సే లేవు అని అప్పటి లెక్క. ఒకసారి పోయిన అవయవం మళ్ళీ అదే రూపంలో తిరిగి రాదనేది అప్పట్లో గట్టి నియమం. కాబట్టి డైనోసార్లు పక్షుల పూర్వీకులు కాలేవు, అంతకంటే పాత సరీసృపం ఏదో ఉండాలి అని తేల్చాడు. ఆ పుస్తకం దెబ్బకి తర్వాత చాలా దశాబ్దాలు ఈ ప్రశ్న మళ్ళీ ఎవరూ గట్టిగా ముట్టుకోలేదు.

లాజిక్‌లో లోపం లేదు. ఇన్‌పుట్‌లో ఉంది. 1923లో మంగోలియా ఎడారిలో ఓవిరాప్టర్ అనే డైనోసార్ దొరికింది. 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ దాని వర్ణన అచ్చువేశాడు. ఆ బొమ్మలో ఫర్క్యులా ఉంది! కాకపోతే దాన్ని వేరే ఎముకగా గుర్తించారు. అంటే హైల్‌మన్ పుస్తకం ఇంగ్లీషులో రావడానికి రెండేళ్ళ ముందే జవాబు అచ్చయి ఉంది. తప్పు లేబుల్ అతికించడం వల్ల ఎవరి కంటా పడలేదు. తర్వాతి కాలంలో థెరోపాడ్లలో ఫర్క్యులాలు వరసగా దొరికాయి. టైరనోసారస్‌కి కూడా ఉంది.

డేటాబేస్‌లో ఒక కాలమ్ ఖాళీగా కనిపిస్తే దానికి రెండు అర్థాలు. విలువ లేకపోవడం ఒకటి, ఎవరూ ఎక్కించకపోవడం ఒకటి. ఈ రెండూ ఒకటి కాదు. శిలాజాల విషయంలో ఈ తేడా ఇంకా ముఖ్యం. సన్నటి ఎముకలు రాయిగా మారేలోపే చెదిరిపోతాయి. "దొరకలేదు" అంటే "లేదు" అని కాదు.

మణికట్టు దగ్గర తిరిగిన మలుపు

1964 ఆగస్టు. అమెరికాలో మోంటానా రాష్ట్రం. యేల్ యూనివర్సిటీకి చెందిన జాన్ ఆస్ట్రమ్ తన బృందంతో తిరుగుతుంటే, నేలలోంచి పొడుచుకొచ్చిన గోళ్ళు కనిపించాయి. 1969లో దానికి డైనోనికస్ అని పేరు పెట్టాడు. భయంకరమైన గోరు అని అర్థం. కాలి రెండో వేలికి కొడవలి లాంటి గోరు. సుమారు 3 మీటర్ల పొడవు, బక్కపలచటి ఒళ్ళు, బిగుసుకున్న తోక. డైనోసార్లు అంటే బురదలో ఈడ్చుకుంటూ నడిచే మొద్దు జంతువులు అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఇది పరిగెత్తి ఎగిరి తన్నే జంతువు అని ఎముకలే చెప్పాయి. మీరు జురాసిక్ పార్క్‌లో చూసిన వెలోసిరాప్టర్‌కి అసలు మోడల్ ఈ డైనోనికసే. నిజమైన వెలోసిరాప్టర్ టర్కీ కోడి అంతే ఉంటుంది.

డైనోనికస్ మణికట్టులో అర్ధచంద్రాకారంలో ఒక చిన్న ఎముక ఉంది. దాని వల్ల చెయ్యి పక్కకి మడతపడుతుంది. మన ఐదింటిలో మూడోది గుర్తుందా? రెక్క ముడిచే కదలిక. అదే ఎముక ఆర్కియోప్టెరిక్స్‌లోనూ ఉంది. ఎగరని జంతువుకి ఆ మణికట్టు ఎందుకు? వేటని అందుకోవడానికి చేతులు విసరడంలో పనికొచ్చి ఉంటుంది. అదే కదలికని తర్వాత రెక్క వాడుకుంది. ఆస్ట్రమ్ 1970ల్లో రెండిటినీ ఎముకకి ఎముక పక్కపక్కన పెట్టి పోల్చాడు. హక్స్‌లీ వందేళ్ళ కిందట చెప్పిన మాట మళ్ళీ బల్ల మీదకి వచ్చింది.

ఈ మధ్యలో జరిగినవి రెండు ఉన్నాయి. నన్ను అడిగితే మొత్తం కేసులో ఇవే బలమైన సాక్ష్యాలు.

మొదటిది. 1970లో ఆస్ట్రమ్ నెదర్లాండ్స్‌లో హార్లెం ఊళ్ళోని టైలర్స్ మ్యూజియంకి వెళ్ళాడు. అక్కడ 1855లో దొరికిన ఒక శిలాజం ఉంది. లేబుల్ మీద టెరోడాక్టిలస్ అని ఉంది, అంటే ఎగిరే సరీసృపం. ఆస్ట్రమ్ రాయిని వెలుతురుకి వంచి చూస్తే చాలా సన్నగా ఈకల ముద్రలు కనిపించాయి. 115 ఏళ్ళు అది తప్పు లేబుల్‌తో అక్కడే పడి ఉంది. ఆయన దాన్ని ఆర్కియోప్టెరిక్స్ అన్నాడు. 2017లో ఇంకా వివరంగా చూసి, అది దానికి దగ్గరి చుట్టమైన వేరే జంతువని తేల్చి, ఆస్ట్రమ్ పేరు మీదే ఆస్ట్రోమియా అని పెట్టారు.

రెండోది. జర్మనీలోనే 1951లో ఐష్టెట్ దగ్గర ఒక చిన్న అస్థిపంజరం దొరికింది. ఈకలు సరిగ్గా కనిపించలేదు. చూసినవాళ్ళు దాన్ని కాంప్సోగ్నాథస్ అనుకున్నారు. అంటే ఒక చిన్న డైనోసార్. తర్వాత మసక మసకగా ఈకల ముద్రలు గమనించి, 1970ల్లో అది ఆర్కియోప్టెరిక్స్ అని సరిదిద్దారు.

దీని అర్థం ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఎముకలు మాత్రమే చూసిన నిపుణులు దాన్ని డైనోసార్ అన్నారు. ఈకలు కనిపించగానే అదే రాయిని పక్షి అన్నారు. రాయి మారలేదు, ఎముకలు మారలేదు. తొలి పక్షి అస్థిపంజరానికీ చిన్న డైనోసార్ అస్థిపంజరానికీ మధ్య తేడా ఎంత తక్కువంటే, ఈకలు లేకపోతే నిపుణులకే తెలియదు. సిద్ధాంతం మీద నమ్మకంతో ఎవరూ ఈ పరీక్ష పెట్టలేదు. తెలియకుండానే జరిగిపోయిన బ్లైండ్ టెస్ట్ అది.

చైనా నుంచి వచ్చిన ఫొటో

సరే, ఎముకలు కలిశాయి. మన మూడో ప్రశ్న మిగిలింది. తప్పని తేలాలంటే, లేదా నిజమని తేలాలంటే ఏం దొరకాలి? పక్షులు థెరోపాడ్ల నుంచే వస్తే, ఎక్కడో ఒకచోట ఎగరలేని, ఈకలున్న డైనోసార్ దొరకాలి.

1996లో దొరికింది. చైనాలో లియావోనింగ్ ప్రాంతం. అక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతాల బూడిద చెరువుల్లో పడి జంతువుల్ని మెత్తగా కప్పేసింది. అందువల్ల సన్నటి నూగు కూడా రాతిలో మిగిలింది. సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న థెరోపాడ్. వీపు వెంట, తోక వెంట నూగు లాంటి ఈకల వరస. ఆ ఏడాది న్యూయార్క్‌లో జరిగిన శిలాజ శాస్త్రవేత్తల సమావేశంలో దాని ఫొటోలు చేతులు మారాయి. అప్పటికి ఆస్ట్రమ్‌కి 68 ఏళ్ళు. పాతికేళ్ళకి పైగా తను ఎముకలతో వాదించిన దానికి సాక్ష్యం ఫొటోలో కళ్ళ ముందు ఉంది.

తర్వాత లియావోనింగ్‌లో వరసగా ఈకల డైనోసార్లు దొరికాయి. కొన్నిటికి నూగు, కొన్నిటికి పూర్తి ఈకలు. మైక్రోరాప్టర్‌కైతే చేతులకీ కాళ్ళకీ కూడా పొడవాటి ఈకలున్నాయి. ఈకలు మిగలని చోట్ల కూడా ఎముకలే చెప్పేశాయి. పక్షుల ముంజేతి ఎముక మీద ఈకలు పాతుకునే చోట చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. 2007లో మంగోలియా వెలోసిరాప్టర్ ముంజేతి మీద అవే బొడిపెలు ఆరు వరసగా కనిపించాయి.

2010లో ఇంకో అడుగు. ఈకల్లో రంగునిచ్చే సూక్ష్మమైన రేణువులు ఉంటాయి, మెలనోజోములు అంటారు. నలుపు రంగువి పొడుగ్గా ఉంటాయి, ఎరుపు గోధుమ రంగువి గుండ్రంగా ఉంటాయి. శిలాజ ఈకల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఆ ఆకారాలు ఇంకా ఉన్నాయి. అలా సైనోసారోప్టెరిక్స్ తోక ఎరుపు గోధుమ, తెలుపు చారలతో ఉండేదని తెలిసింది. కోట్ల ఏళ్ళ కిందటి జంతువు రంగు చెప్పగలుగుతున్నాం. ఎవరూ చూడలేదు కదా అన్న డౌట్‌కి ఇదొక జవాబు. కన్ను చూడకపోయినా రాయి దాచుకుంది.

దొంగ అని పేరు పడ్డ తల్లి

ఓవిరాప్టర్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఫర్క్యులా విషయంలో ఒక అన్యాయం జరిగిందని చెప్పాను. పేరు విషయంలో ఇంకోటి జరిగింది. 1923లో అది గుడ్ల గుంపు మీదే దొరికింది. ఆ గుడ్లు ప్రోటోసెరాటాప్స్ అనే వేరే డైనోసార్‌వి అనుకున్నారు. సో, ఇది గుడ్లు ఎత్తుకుపోవడానికి వచ్చి చచ్చింది అని, గుడ్ల దొంగ అనే అర్థం వచ్చేలా ఓవిరాప్టర్ అని పేరు పెట్టారు. ఈ పేరు తప్పుదారి పట్టించొచ్చని ఆస్బర్నే హెచ్చరించాడు. అయినా పేరు పేరే.

70 ఏళ్ళ తర్వాత, 1993లో మంగోలియాలోనే సరిగ్గా అలాంటి గుడ్డులో పిండం దొరికింది. అది ప్రోటోసెరాటాప్స్ పిండం కాదు, ఓవిరాప్టర్ కుటుంబానిదే. అదే కుటుంబానికి చెందిన ఇంకో అస్థిపంజరం 1995లో లోకానికి తెలిసింది. కాళ్ళు ముడుచుకుని, చేతులు రెండు వైపులా చాచి, గుడ్ల మీద కూర్చుని ఉంది. పొదిగే పెట్టని చూసినవాళ్ళకి ఆ భంగిమ కొత్తేం కాదు. దగ్గరికి పోతే ముక్కుతో పొడుస్తుంది కానీ గుడ్ల మీంచి లేవదు. ఈ జంతువు కూడా లేవలేదు. ఇసుక మీద పడి కప్పేసేదాకా అలాగే ఉంది. 70 ఏళ్ళు దొంగ అనిపించుకున్నది తన గుడ్ల మీద పొదుగుతున్న జంతువు. నామకరణ నియమాల వల్ల పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మరి మోసాలు లేవా?

ఉన్నాయి. దాచాల్సిన పని లేదు. 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆర్కియోరాప్టర్ అనే శిలాజాన్ని గొప్పగా వేసింది. ముందు సగం పక్షి, వెనక సగం డైనోసార్. అమెరికాలో 80,000 డాలర్లకి కొన్న రాయి అది. దాన్ని చూసిన బృందంలోనే ఉన్న చైనా శాస్త్రవేత్త షూ షింగ్, కొన్ని వారాల్లో చైనాలో ఆ తోక తాలూకు రెండో ముక్కని కనిపెట్టాడు. ఆ తోక వేరే జంతువుది. రెండు మూడు శిలాజాల ముక్కల్ని అతికించి ఎవరో అమ్మేశారు. సీటీ స్కాన్‌లో కూడా అతుకులు బయటపడ్డాయి. పత్రిక తప్పు ఒప్పుకుంది.

"చూశారా, అంతా మోసమే" అని దీన్ని చూపించేవాళ్ళు ఉన్నారు. నేను వేరేగా చూస్తాను. ఆ మోసాన్ని పట్టుకున్నది ఎవరు? పక్షులు డైనోసార్లే అని నమ్మే శాస్త్రవేత్తే. తన వాదనకి పనికొచ్చే సాక్ష్యాన్నే తప్పని చూపించాడు. అందులో పక్షి భాగం ఒక నిజమైన తొలి పక్షిది, తోక మైక్రోరాప్టర్‌ది. విడివిడిగా రెండూ అసలైనవే.

నిజమైన అభ్యంతరాలు కూడా వచ్చాయి. డైనోనికస్ వయసు సుమారు 11 కోట్ల ఏళ్ళు. ఆర్కియోప్టెరిక్స్‌ది 15 కోట్లు. తాత కంటే మనవడు ముందు పుడతాడా? మంచి ప్రశ్న. జవాబు ఏంటంటే, డైనోనికస్ తాత కాదు, కజిన్. మీ పెదనాన్న మనవడు మీకంటే చిన్నవాడైతే వంశవృక్షం తప్పు కాదు కదా. పైగా తర్వాత చైనాలోనే సుమారు 16 కోట్ల ఏళ్ళ కిందటి ఆంకియోర్నిస్ దొరికింది. ఈకలతో సహా.

ఇంకోటి వేళ్ళ లెక్క. థెరోపాడ్లలో మిగిలినవి బొటనవేలు, దాని పక్క రెండు. పక్షి పిండంలో చూస్తే వేళ్ళు 2, 3, 4 స్థానాల్లో మొదలవుతున్నట్టు కనిపించింది. ఇది చాలా ఏళ్ళు గట్టి అభ్యంతరంగా నిలిచింది. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు కోడి పిండంలో కణాల్ని గుర్తు పెట్టి వెంబడించి, ఆ వేళ్ళ తీరు 1, 2, 3 తీరే అని చూపించారు. అభ్యంతరం చెప్పినవాళ్ళు ఉండబట్టే ఆ ప్రయోగం జరిగింది.

గోదావరి ఒడ్డున మన చుట్టం

ఇదంతా జర్మనీ, అమెరికా, చైనా కథ. మన దగ్గర ఏముంది? చాలా ఉంది. ప్రాణహిత, గోదావరి లోయలో కోటా ఫార్మేషన్ అని రాతి పొరలు ఉన్నాయి. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో వందల కొద్దీ డైనోసార్ ఎముకలు దొరికాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు ప్రపంచ శాస్త్ర పుస్తకాల్లో శాశ్వతంగా ఉంది. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. అవే పొరల్లో దొరికిన బారాపాసారస్ టాగోరై కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తవ్వకాలు మొదలైన 1961 టాగోర్ శతజయంతి ఏడాది, అందుకే ఆ పేరు.

కోటాసారస్ పక్షుల పూర్వీకుడు కాదు. అది సారోపాడ్, పొడుగు మెడ, నాలుగు కాళ్ళు, శాకాహారి. కానీ దూరపు చుట్టమే. 1887లో డైనోసార్లని తుంటి ఎముకని బట్టి రెండు గుంపులు చేశారు. బల్లి తుంటివి, పక్షి తుంటివి. తమాషా ఏంటంటే పక్షులు పుట్టింది పక్షి తుంటి గుంపులో కాదు, బల్లి తుంటి గుంపులో. పోలికని బట్టి పేరు పెడితే ఇలాగే ఉంటుంది. ఒక్క పోలిక చూసి చుట్టరికం కలపకూడదు, చాలా పోలికలు కలిపి చూడాలి. సారోపాడ్లదీ ఆ బల్లి తుంటి గుంపే. వాటిలో తర్వాత వచ్చిన భారీ జంతువుల మెడ వెన్నుపూసల్లో గాలి సంచులు దూరిన గదులు కనిపిస్తాయి. మన లిస్టులో ఐదోది. అంత పొడవు మెడ మొయ్యగలిగింది అందుకే, లోపల సగం గాలే. అంటే కోడి ఎముకలోని ఆ గుల్లతనం ఎగరడం కోసం పుట్టింది కాదు. ఎగరడం కంటే ఎంతో పాతది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే

2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో "వారసత్వం, పరిణామం" అనే పాఠం ఉత్త "వారసత్వం"గా మారింది. పిల్లల మీద భారం తగ్గించడానికి అన్నారు, పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, సైన్స్ అభిమానులు దాన్ని తిరిగి పెట్టమని బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఆ పాత పాఠంలో ఈ రోజు మనం మాట్లాడుకున్నదే ఉండేది. కొన్ని డైనోసార్లకి ఈకలుండేవి, అవి ఎగరడానికి కాదు, పక్షులు వాటిని తర్వాత వాడుకున్నాయి అని రెండు మూడు వాక్యాల్లో.

పన్నెండులో ఉందనేది బైపీసీ వాళ్ళకి జవాబు. మన ఇళ్ళల్లో టెన్త్ అవగానే ఎంతమంది ఎంపీసీ వైపు వెళ్తారో మీకు తెలుసు. నాలాంటివాళ్ళకి జీవశాస్త్రంతో చివరి పరిచయం టెన్తే. అక్కడ లేకపోతే ఇంకెక్కడా లేదు. తర్వాత ఏ వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో "కోతి మనిషి అవుతుంటే ఎవరైనా చూశారా" అని వస్తే, అవును కదా అనుకుని షేర్ చేసేస్తాం. ఎలా పరీక్షించాలో నేర్పినవాళ్ళు లేరు కాబట్టి.

డైనోసార్ల పేర్లు గుర్తులేకపోతే నష్టం లేదు. నష్టం వేరే ఉంది. చూడలేని గతాన్ని కూడా ఒక మాట అని, ఫలానాది దొరకాలి అని ముందే చెప్పి, దొరికినదాన్ని దొరకనిదాన్ని నిజాయితీగా లెక్కపెట్టి, తప్పైతే దిద్దుకుని తేల్చొచ్చు అనే పద్ధతి. అది పోతే నష్టం. ఈ కథలో ఓవెన్, హైల్‌మన్, ఆస్బర్న్, అందరూ తెలివైనవాళ్ళే, అందరూ ఎక్కడో ఒకచోట తప్పారు. అయినా కథ ముందుకే వచ్చింది. ఎందుకంటే ఎముక అక్కడే ఉంది, తర్వాతి వాడు వచ్చి మళ్ళీ చూడొచ్చు.

ఇంట్లో టెన్త్ చదివే తమ్ముడో చెల్లో ఉంటే ఒక ఆదివారం కోడి ఎముకలు పేపర్ మీద పరిచి, ఆ ఐదూ వెతకమనండి. హైదరాబాద్‌లో ఉంటే కోటాసారస్ దగ్గరికి తీసుకెళ్ళండి. పుస్తకంలోంచి తీసేసినా ఎముకల్లోంచి తీసెయ్యలేరు.

వచ్చే ఎపిసోడ్‌లో తిమింగలం కడుపు దగ్గర దాగున్న కాలి ఎముకల గురించి మాట్లాడుకుందాం. అది కూడా ఇలాంటి కేసే. అప్పటిదాకా సెలవు. ఉంటాను.